హ్యాంగ్ గ్లైడర్ మీటర్‌లో ఎయిర్‌స్పీడ్ సరిగ్గా కనిపించాలంటే ఏం చేయాలి

కాలిఫోర్నియాలో మిల్పిటాస్ ఊరిని ఆనుకుని ఎడ్ లెవిన్ పార్కు ఉంది. బే ఏరియాలో హ్యాంగ్ గ్లైడింగ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదటిసారి నేల వదిలేది ఆ కొండ మీదే. అక్కడ ఎగిరిన మొదటి సంవత్సరమంతా నా గ్లైడర్ 27 దగ్గర స్టాల్ అవుతుందని, అంటే వేగం చాలక రెక్క బరువు మోయలేకపోతుందని నమ్మాను (ఇక్కడ రాసే వేగాలన్నీ గంటకు కిలోమీటర్లలో). మీటర్ అదే చూపించేది మరి.

ఒక సాయంత్రం గాలి నిలకడగా ఉంది. నాలాంటి గ్లైడరే ఉన్న మిత్రుడూ నేనూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఎగిరాం. ఒకరు ముందుకు పోవడం, ఒకరు వెనకబడడం లేదు. రేడియోలో అడిగితే తన మీటర్ 41 చూపిస్తోందన్నాడు. నాది 36.

కిందికి దిగాక బ్యాటరీ మార్చాను, మీటర్ విప్పి తుడిచాను, ఏమీ మారలేదు. చివరికి దాన్ని బేస్ బార్ (ఎగిరేటప్పుడు చేతులతో పట్టుకునే అడ్డ గొట్టం) మధ్యలో నుంచి, అంటే సరిగ్గా నా మొహానికి ఎదురుగా ఉన్న చోటు నుంచి తీసి, చేతులకు అవతల పక్కకు బిగించాను. తర్వాతి ఫ్లైట్‌లో ఇద్దరి అంకెలూ ఒక్క కిలోమీటర్ తేడాతో కలిశాయి. నా స్టాల్ 31 అయింది. అంటే ఏడాది పాటు, నా స్టాల్ వేగం అసలు కంటే 4 తక్కువ అనుకుంటూ ల్యాండింగ్‌కి వచ్చానన్నమాట.

అందుకే ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను. మీటర్ తానున్న చోట గాలి ఎంత వేగంగా పోతోందో అంతవరకే చెప్పగలదు. ఆ గాలీ మీ రెక్క కోసుకుపోతున్న గాలీ ఒకటేనా కాదా అన్నది మీరు చూసుకోవాలి. కింద రాసిన పనులన్నీ దాని కోసమే.

ఏ వేగం గురించి మాట్లాడుతున్నాం

తెలుగులో ‘గాలి వేగం’ అంటే మనకు వీచే గాలి వేగమే గుర్తొస్తుంది. అందుకని ఇక్కడ ఎయిర్‌స్పీడ్ అనే మాటే వాడతాను. గాలితో పోలిస్తే గ్లైడర్ ఎంత వేగంగా కదులుతోందో అది ఎయిర్‌స్పీడ్. జీపీఎస్ చూపించేది నేలతో పోల్చిన వేగం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోర్ట్ ఫన్‌స్టన్ దగ్గర సముద్రం మీదుగా 30 గాలి వస్తుంటే, దానికి ఎదురుగా తిరిగినప్పుడు జీపీఎస్ 8 చూపిస్తుంది, ఎయిర్‌స్పీడ్ 38 ఉంటుంది. రెక్కకు తెలిసేది ఆ 38 ఒక్కటే. జీపీఎస్ అంకెని చూసి వేగం తగ్గించడం, పెంచడం చేయకండి. ముఖ్యంగా గాలితో పాటు పోతున్నప్పుడు నేల వేగంగా జరిగిపోతుంటే బార్ బయటకు తోయాలనిపిస్తుంది (తోస్తే వేగం తగ్గుతుంది, లాగితే పెరుగుతుంది). స్టాల్ వచ్చేది అక్కడే.

మొదట మీ దగ్గరున్న సెన్సర్ ఏ రకమో తెలుసుకోండి

ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి వేన్, అంటే గాలికి తిరిగే చిన్న ఫ్యాన్. రెండోది పిటాట్ ట్యూబ్. 1732లో ఆన్రీ పిటాట్ అనే ఫ్రెంచ్ ఇంజినీరు పారిస్‌లో సెన్ నది ప్రవాహాన్ని కొలవడానికి వాడిన ఉపాయమే ఇది. ముందు తెరిచి ఉన్న గొట్టంలోకి గాలి వచ్చి ఆగుతుంది, ఆగినప్పుడు పెరిగిన పీడనాన్ని బట్టి వేగం లెక్కకడతారు. పారదర్శకమైన గొట్టంలో చిన్న బిళ్ల పైకి తేలే పాత తరహా మీటర్లు కూడా పీడనంతోనే పనిచేస్తాయి. అవి నిటారుగా ఉండాలి, అంతే.

ఈ తేడా తెలియకపోతే ఎత్తులో అయోమయపడతారు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. పిటాట్ చూపించేది ఐఏఎస్ (ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్), అంటే రెక్క మీద గాలి నిజంగా చూపే బలానికి సమానమైన వేగం. ఫ్యాన్ మాత్రం గాలి పలచనైనా చిక్కనైనా దాదాపు ఒకేలా తిరుగుతుంది. కాబట్టి అది చూపించేది టీఏఎస్ (ట్రూ ఎయిర్‌స్పీడ్), అసలు వేగం. సముద్ర మట్టం దగ్గర రెండూ ఒకటే. 4000 మీటర్ల ఎత్తులో ఐఏఎస్ 40 ఉన్నప్పుడు టీఏఎస్ 49 దాకా ఉంటుంది. వేసవిలో కాలిఫోర్నియా తూర్పున ఉన్న ఓవెన్స్ వ్యాలీలో ఆ ఎత్తుకు చేరడం పైలట్లకు కొత్తేమీ కాదు. వేన్ ఉన్నవాళ్లు అక్కడ ‘40 ఉంది కదా’ అని నిశ్చింతగా ఉంటే, రెక్కకు అందుతున్నది 33 కూడా కాదు.

స్టాల్ ఎప్పుడూ దాదాపు ఒకే ఐఏఎస్ దగ్గర వస్తుంది, మీరు ఏ ఎత్తులో ఉన్నా సరే. కాబట్టి వేన్ వాడేవాళ్లు వేరియో (ఎంత వేగంగా పైకి లేస్తున్నామో, కిందికి దిగుతున్నామో చూపే పరికరం) మెనూలో టీఏఎస్‌ని ఐఏఎస్‌గా మార్చి చూపించే సదుపాయం ఉందేమో చూడండి, ఉంటే పెట్టుకోండి. లేకపోతే ప్రతి 1000 మీటర్లకు సుమారు 5 శాతం చొప్పున మనసులో తీసేయండి.

ఎక్కడ బిగించాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. ఇక్కడ గాలిని చెడగొట్టేవి మూడున్నాయి.

మొదటిది మీ శరీరం. పడుకుని ఎగురుతున్నప్పుడు తల, భుజాలు గాలికి అడ్డంగా ఉంటాయి. నీళ్లలో రాయికి ముందు ప్రవాహం మందగించినట్టే, మీ ముందు కూడా గాలి మందగిస్తుంది. మొహానికి ఒక జానెడు ముందు మీటర్ ఉంటే 10 నుంచి 20 శాతం దాకా తక్కువ చూపించవచ్చు. పైగా బార్ లాగినప్పుడు, తోసినప్పుడు మీకూ బార్‌కూ దూరం మారుతుంది, దాంతో తప్పు కూడా మారుతూ ఉంటుంది. ఎప్పుడూ ఒకేలా ఉండే తప్పునైతే సరిదిద్దుకోవచ్చు, ఇలా మారేదాన్ని ఏం చేయలేం. సెన్సర్‌ని మీ చేతులకు అవతల, బార్ మూలకు దగ్గరగా పెట్టండి. డిస్‌ప్లే మధ్యలోనే ఉండాలనుకుంటే ఉంచుకోండి, సెన్సర్‌ని వైరుతోనో ట్యూబ్‌తోనో పక్కకు తీసుకెళ్లండి.

రెండోది బార్ గొట్టం. సుమారు 28 మిల్లీమీటర్ల గుండ్రని గొట్టాన్ని తీసుకుంటే, దాని మధ్య నుంచి 28 మిల్లీమీటర్లు ముందుకు వెళ్లిన చోట గాలి వేగం నాలుగో వంతు పడిపోతుంది. అదే దూరంలో గొట్టానికి పైనో కిందో అయితే నాలుగో వంతు పెరుగుతుంది! ఒకే క్లిప్పు, ఒకే మీటర్, కొంచెం పక్కకు తిప్పి బిగిస్తే 40 కాస్తా 30 కావచ్చు, 50 కావచ్చు. 12–15 సెంటీమీటర్లు ముందుకు జరిగితే ఈ తేడా ఒకటి రెండు శాతానికి తగ్గిపోతుంది. అందుకే సెన్సర్‌ని సన్నని పుల్లలాంటి దాని మీద ముందుకు నిలపండి. అయితే అది వంగేలాగో ఊడి వచ్చేలాగో ఉండాలి. ల్యాండింగ్‌లో గ్లైడర్ ముక్కు నేలకు తగిలితే గట్టి కడ్డీ మీకే గుచ్చుకుంటుంది. చేతులు మార్చుకునే దారిలోనూ, తీగలకు తగిలేలానూ ఉండకూడదు.

మూడోది రెక్క. రెక్క గాలిని కిందికి నెట్టి లిఫ్ట్ తెచ్చుకుంటుంది కాబట్టి, దాని కింద గాలి కొంచెం నెమ్మదిగా, పైన కొంచెం వేగంగా పోతుంది. బేస్ బార్ దగ్గర, మెల్లగా ఎగురుతున్నప్పుడు ఈ తగ్గుదల నా లెక్కలో 5 శాతం చుట్టుపక్కల వస్తుంది. వేగం పెరిగితే తగ్గిపోతుంది. దీన్ని తప్పించుకునే చోటు బార్ మీద ఎక్కడా లేదు. సవరణతోనే సరిచేసుకోవాలి, దాని సంగతి తర్వాత చెబుతాను. గ్లైడర్ మాన్యువల్లో వేగాలు రాసిన చోట మీటర్ ఎక్కడ బిగించి కొలిచారో రాసి ఉంటే మాత్రం మీరూ అక్కడే బిగించండి. అప్పుడు ఆ అంకెలూ మీ అంకెలూ నేరుగా పోల్చుకోవచ్చు.

కోణం సరిచూడడం

కంట్రోల్ ఫ్రేమ్ (బేస్ బార్ అడుగున ఉండే త్రికోణపు చట్రం) రెక్కకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం మారితే సెన్సర్ కోణం కూడా మారుతుంది. స్టాల్ దగ్గర నుంచి బాగా లాగిన వేగం దాకా చూస్తే ఇది 15 డిగ్రీలకు పైనే మారవచ్చు. సాధారణ పిటాట్ గొట్టం 10–15 డిగ్రీల వంకరను తట్టుకుంటుంది. ఫ్యాన్‌కి అంత ఓర్పు ఉండదు: 20 డిగ్రీలు పక్కకు ఉంటే దాదాపు 6 శాతం, 30 డిగ్రీలైతే 13 శాతం తక్కువ చూపిస్తుంది.

కాబట్టి గ్లైడర్ నేల మీద ఉన్నప్పుడు కంటికి సమంగా కనిపించేలా బిగించి ఊరుకోకండి. ఓ జానెడు ఊలు దారం తీసుకుని సెన్సర్ వెనక కట్టండి. నిశ్చలమైన గాలిలో ట్రిమ్ వేగంతో (బార్ తోయకుండా, లాగకుండా వదిలేస్తే గ్లైడర్ తానుగా పోయే వేగం) ఎగురుతూ దారం ఎటు పారుతోందో చూడండి. సెన్సర్ కూడా అటే చూడాలి. దిగాక సర్ది మళ్లీ ఎగరండి. నాకు మూడు ఫ్లైట్లు పట్టింది. పైసా ఖర్చు లేని ఈ దారం పని నాకు చాలా ఇష్టం, దాన్ని ఇప్పటికీ తీసేయలేదు.

పిటాట్ వాడేవాళ్లకు: రెండో పీడనం ఎక్కడి నుంచి వస్తోంది?

పిటాట్‌కి ఒక్క ముందు రంధ్రం సరిపోదు. కదలని గాలి పీడనం, అంటే స్టాటిక్ కూడా కావాలి. రెండింటి తేడాయే వేగం. చాలా మీటర్లు ఈ స్టాటిక్‌ని తమ డబ్బా లోపలి నుంచే తీసుకుంటాయి. డబ్బా పక్కగా గాలి దూసుకుపోతుంటే అక్కడ పీడనం కొంచెం తగ్గి, వేగం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తగ్గుదల గాలి ఒత్తిడిలో 30 శాతమైతే వేగంలో 14 శాతం తప్పు వస్తుంది. ఇది ప్రమాదం వైపు తప్పు, ఎందుకంటే లేని వేగాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. మీ మీటర్‌కి స్టాటిక్ పోర్టు విడిగా ఉంటే, పక్కన రంధ్రాలున్న పిటాట్-స్టాటిక్ ట్యూబ్ కొని రెండు గొట్టాలూ కలపండి. అలా వీల్లేకపోతే డబ్బా ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అలాగే బిగించండి.

ఇంట్లో చేసే పరీక్షలు

ముందు సున్నా చూడండి. గదిలో ఫ్యాన్ ఆపేసి, మీటర్ ఆన్ చేసి పది నిమిషాలు ఉంచండి. అంకె సున్నా రావాలి. రాకపోతే మెనూలో జీరో చేయండి. అయితే దీనికి మరీ టెన్షన్ పడక్కర్లేదు. పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నిలబడి ఉన్నప్పుడు 10 చూపించే పిటాట్ మీటర్ 40 దగ్గర తప్పేది ఒకటిన్నర కూడా ఉండదు. మెల్లటి వేగాల దగ్గరే ఆ తప్పు పెద్దదవుతుంది.

తర్వాత, పిటాట్ ఉన్నవాళ్లకు, నీళ్ల గొట్టం పరీక్ష. ఇక్కడి పీడనాలు ఎంత చిన్నవో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర వేగానికి తగ్గ నీటి ఎత్తు ఇది:

30కి 4.3 మిల్లీమీటర్లు
40కి 7.7
50కి 12
60కి 17.3
80కి 30.8

పారదర్శకమైన సన్నని గొట్టం, కొంచెం రంగు నీళ్లు, వెడల్పాటి సీసా ఒకటి, సిరంజి ఒకటి, మూడు దారుల కనెక్టర్ ఒకటి చాలు. కనెక్టర్ మూడు కొనలకు సిరంజి, మీటర్ ముందు రంధ్రం, మూత బిగించిన సీసా కలపండి; సన్నని గొట్టం సీసాలోని నీళ్లలో నుంచి బయటికి రావాలి. గొట్టాన్ని ఏటవాలుగా పెట్టండి, 10 సెంటీమీటర్ల పొడవుకి 1 సెంటీమీటర్ ఎత్తు పెరిగేలా. అప్పుడు 7.7 మిల్లీమీటర్లు కాస్తా గొట్టం వెంట 77 మిల్లీమీటర్లుగా కనిపిస్తాయి, స్కేలుతో హాయిగా కొలవచ్చు. సిరంజిని నెమ్మదిగా నొక్కుతూ నీళ్ల గుర్తునీ మీటర్ అంకెనీ రాసుకోండి. నోటితో మాత్రం ఊదకండి. సెన్సర్ తట్టుకోలేనంత పీడనం వస్తుంది, తేమ కూడా లోపలికి పోతుంది.

తేమ చిన్న విషయం కాదు. ట్యూబ్‌లో ఎక్కడైనా 1 మిల్లీమీటర్ ఎత్తు నీళ్లు నిలిచినా 40 దగ్గర 6 శాతం పైన తప్పు వస్తుంది. మేఘాల అంచున ఎగిరొచ్చాక, మంచులో గ్లైడర్ విప్పాక ట్యూబ్ తీసి ఆరబెట్టండి.

ఫ్యాన్ ఉన్నవాళ్లు భూతద్దం పెట్టి ఇరుసు దగ్గర చూడండి. వెంట్రుక, గడ్డి పోగు, సాలెగూడు దారం ఏదో ఒకటి దొరుకుతుంది. నెమ్మదిగా ఊదితే తిరిగి, నిదానంగా ఆగాలి. టక్కున ఆగితే ఇరుసు పట్టేస్తోందని అర్థం.

రోడ్డు మీద

ఇది ఒక్కరు చేసే పని కాదు. కారు వేరొకరు నడపాలి, అంకెలు మీరు రాసుకోవాలి. తెల్లవారుజామున, ఆకు కదలని సమయంలో, తిన్నగా ఉన్న ఖాళీ రోడ్డు చూసుకోండి. కారు తన చుట్టూ గాలిని చాలా చెదరగొడుతుంది. అందుకని అద్దంలోంచి చేయి చాపి పట్టుకుంటే లాభం లేదు. టాప్ మీద గట్టిగా కట్టిన పొడవాటి కర్రతో సెన్సర్ ముందుకూ పైకీ కనీసం ఒకటిన్నర మీటర్లు ఉండాలి. 30, 40, 50, 60 దగ్గర నిలకడగా నడిపి జీపీఎస్ వేగంతో పోల్చండి. వెళ్లేటప్పుడు ఒకసారి, అదే దారిలో వచ్చేటప్పుడు ఒకసారి కొలిచి, రెండింటి సగటు తీస్తే కొద్దిపాటి గాలి ప్రభావం పోతుంది. కారు వద్దనుకుంటే సైకిల్ హ్యాండిల్ ముందు కర్ర కట్టి 25–30 దాకా చూసుకోవచ్చు, మెల్లటి వేగాలకు అది కూడా చక్కగా పనికొస్తుంది.

ఇక్కడ తేలేది సెన్సర్ ఒక్కదాని సంగతి. రెక్క కింద అది ఎలా ఉంటుందన్నది గాలిలోనే తేలాలి.

గాలిలో

ఎడ్ లెవిన్‌లో పై టేకాఫ్‌ని అందరూ ‘1750’ అంటారు, అడుగుల లెక్క. చలికాలం ఉదయం అక్కడి నుంచి దూకితే ఎలాంటి థర్మల్సూ (వేడెక్కి పైకి లేచే గాలి) లేని గాలి దొరుకుతుంది. మీ ఊళ్లో అలాంటి చోటు, అలాంటి వేళ వెతుక్కోండి. ఒక మాట: టేకాఫ్ దగ్గర మీటర్ సర్దుకుంటూ హుక్-ఇన్, అంటే మిమ్మల్ని మోసే పట్టీల హార్నెస్‌ని గ్లైడర్‌కి తగిలించడం, మరిచిపోయే ప్రమాదం ఉంది. మీటర్ పనంతా ముందే ముగించి, తర్వాత హ్యాంగ్ చెక్ (హార్నెస్‌లో వేలాడి సరిచూసుకోవడం) చేసుకుని, ఇక దేన్నీ ముట్టుకోకుండా బయల్దేరండి.

మీటర్ మీద ఒకే అంకె, ఉదాహరణకు 40, నిలబెట్టుకుని మూడు దిక్కుల్లో ఎగరండి. దిక్సూచిలో 120 డిగ్రీల తేడాతో, ఒక్కో దిక్కున అర నిమిషం. ప్రతి దిక్కులో జీపీఎస్ వేగం చూడండి, లాగ్ ఉంటే దిగాక చూసుకోవచ్చు. 50, 43, 40 వచ్చాయనుకోండి. సగటు 44. గాలి 10 లోపు ఉంటే ఈ సగటు అసలు వేగానికి ఒక కిలోమీటర్ లోపు తేడాతో ఉంటుంది. ఇది టీఏఎస్ కాబట్టి, 500 మీటర్ల ఎత్తుకి రెండు మూడు శాతం తీసేస్తే ఐఏఎస్ 43. మీటర్ 40 చూపించింది. అంటే సవరణ సుమారు 7 శాతం. వేగంగా లాగి మళ్లీ ఇంకోసారి చేయండి. అక్కడ సవరణ తక్కువ రావడం సహజం, రెక్క కింద గాలి మందగించడం వేగంతో తగ్గుతుందని పైన చెప్పాను కదా.

చాలా వేరియోల మెనూలో శాతం లెక్కన సవరణ పెట్టుకోవచ్చు. దాన్ని అన్నిటికన్నా చివర ముట్టుకోండి. ముందు సున్నా, తర్వాత చోటు, తర్వాత కోణం, ఆ తర్వాతే శాతం. చోటు తప్పుగా ఉన్న మీటర్‌ని శాతంతో సరిచేయబోతే ఒక్క వేగం దగ్గర కుదురుతుంది, మిగతా అన్ని చోట్లా చెడుతుంది. ఒకటే సవరణ పెట్టాల్సి వస్తే మెల్లటి వేగాల దగ్గర వచ్చినదే పెట్టండి. అలా పెడితే పై వేగాల దగ్గర మీటర్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. గరిష్ఠ వేగం విషయంలో అది జాగ్రత్త వైపే.

ఆఖరున స్టాల్ పరీక్ష. కనీసం 300 మీటర్ల ఎత్తు, చుట్టుపక్కల ఎవరూ లేని నిశ్చలమైన గాలి, ఇప్పటికే స్టాల్ ప్రాక్టీస్ చేసిన అనుభవం, ఈ మూడూ ఉంటేనే చేయండి. లేకపోతే మీ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరుండగా చేయండి. బార్‌ని చాలా నెమ్మదిగా తోస్తూ, గ్లైడర్ మెత్తబడి ముక్కు వాలే సమయంలో అంకె చూడండి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకటి రెండు తేడాతో అదే అంకె రావాలి. నా దృష్టిలో మొత్తం పనిలో అతి విలువైన అంకె ఇదే. అది భౌతికశాస్త్రం ప్రకారం 31 అయినా 29 అయినా ఫర్వాలేదు, మీ మీటర్ మీద, మీ గ్లైడర్ మీద, మీ బరువుకి ప్రతిసారీ అదే రావడం కావాలి.

బరువు మారితే అంకె మారుతుంది. మీతో కలిపి మొత్తం బరువు 10 శాతం పెరిగితే స్టాల్ వేగం సుమారు 5 శాతం పెరుగుతుంది. అందుకే మిత్రుడి అంకెని అప్పు తెచ్చుకోవద్దు. మలుపులో కూడా పెరుగుతుంది: 30 డిగ్రీలు వాలితే 7 శాతం, 45 డిగ్రీలు వాలితే 19 శాతం. నేరుగా 31 అయితే 45 డిగ్రీల మలుపులో 37.

గ్లైడర్ కీల్ (ముక్కు నుంచి తోక దాకా ఉండే మధ్య గొట్టం) మీద స్టిక్కర్ ఉంటుంది, గరిష్ఠ వేగం, గతుకుల గాలిలో దాటకూడని వేగం అందులో రాస్తారు. అమెరికాలో అవి మైళ్లలో ఉంటాయి, 1.6తో గుణించి మీ మీటర్ లెక్కలోకి మార్చుకోండి. ఆ రెండూ, మీ స్టాల్ అంకె, 45 డిగ్రీల అంకె, ఈ నాలుగూ ఒక తెల్ల టేపు మీద రాసి బార్‌కి అంటించండి. పక్కనే తేదీ, ఆ రోజు మీ బరువు కూడా రాయండి. హార్నెస్ మార్చినా, సెన్సర్‌ని విప్పి మళ్లీ బిగించినా, గట్టి ల్యాండింగ్‌లో బార్‌కి దెబ్బ తగిలినా పాత టేపు పీకేసి, దారం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.